ఒకే డబ్బాలో రెండు మిషన్లు: మల్టీ ప్రాసెస్ వెల్డింగ్ మిషన్ మీద ఏ నాబ్ ఏం చేస్తుంది

(విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ, ఫ్యాబ్రికేషన్ పనివాళ్ల ముందు వెల్డింగ్ మిషన్ల సర్వీసు మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నలను వచ్చినచోటే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. మైకు అక్కర్లేదనుకుంటా. గ్రైండర్ల మధ్య మాట్లాడి మాట్లాడి మన గొంతులన్నీ ఎలాగూ పెద్దవే. ఫ్యాన్లు ప్రస్తుతానికి తిరగనివ్వండి, ఆర్క్ కొట్టేటప్పుడు వాటి సంగతి చెప్తాను.

ఇదిగో, ఈ బల్ల మీద ఉన్నది 200 ఆంప్స్ మల్టీ ప్రాసెస్ మిషన్. సింగిల్ ఫేజ్. రాడ్డు వెల్డింగ్, సీవోటూ అంటే గ్యాస్ కింద వైరుతో చేసేది, ఆర్గాన్ అంటే టంగ్‌స్టన్ సూదితో చేసే టిగ్, మూడూ చేస్తుందని పైన రాసుంది. మీలో చాలామంది ఈమధ్య ఇలాంటివే కొన్నారు. మా షాపుకి సర్వీసుకొచ్చే వాటిలో ఒక రకం ఉంటుంది. మూత విప్పి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, బోర్డు బాగుంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది. తెచ్చినాయన మాత్రం "కరెంటు రావట్లేదండి, నాబ్ తిప్పుతుంటే ఏదేదో అవుతోంది" అంటాడు. ఆ ఏదేదో ఏమిటన్నదే ఇవాళ మాట్లాడుకునేది.

నాబ్‌లు తర్వాత చూద్దాం. ముందు ఒక్క ప్రశ్న. వెల్డింగ్ చేసేటప్పుడు ఆర్క్, అంటే రాడ్డు కొనకీ ప్లేటుకీ మధ్య వెలిగే మెరుపు, దాని పొడవు ఎవరి చేతిలో ఉంటుంది?

(సభలోంచి: "మన చేతిలోనే.")

రాడ్డు వెల్డింగ్‌లో అవును. సీవోటూలో కాదు. తేడా అంతా అక్కడే ఉంది. రాడ్డు పట్టుకున్నప్పుడు చెయ్యి ఎంత స్థిరంగా పెట్టినా కాస్త అటూ ఇటూ అవుతుంది. రాడ్డు కరిగిపోతూ ఉంటుంది, దాన్ని దించుకుంటూ వెళ్లాలి. ఆర్క్ ఒకసారి 2 ఎంఎం, ఒకసారి 4 ఎంఎం. ఆర్క్ పొడుగైతే వోల్టేజి పెరుగుతుంది, పొట్టిదైతే తగ్గుతుంది. దాంతోపాటు కరెంటు కూడా ఊగిపోతే బీడ్, అంటే అతుకు గీత, పాడవుతుంది. అందుకని మిషన్ ఏం చేస్తుందంటే, కరెంటును గట్టిగా పట్టుకుని వోల్టేజిని వదిలేస్తుంది. మీరు 110 పెడితే, మీ చెయ్యి వణికినా దాదాపు 110 దగ్గరే ఉంటుంది. దీన్నే కాన్‌స్టాంట్ కరెంట్ అంటారు. ఆర్గాన్ వెల్డింగ్‌కీ ఇదే.

సీవోటూకి వస్తే కథ తిరగబడుతుంది. వైరును మోటారు తోస్తుంటుంది, ఒకే వేగంతో. ఇక్కడ మిషన్ వోల్టేజిని పట్టుకుని కరెంటును వదిలేస్తుంది. ఎందుకు? వైరు చివర ప్లేటుకి కాస్త దగ్గరయిందనుకోండి, ఆర్క్ పొట్టిదవుతుంది, కరెంటు ఒక్కసారిగా ఎగురుతుంది, వైరు వేగంగా కరుగుతుంది, ఆర్క్ మళ్లీ మొదటి పొడవుకి వస్తుంది. దూరమైతే కరెంటు పడిపోతుంది, వైరు నెమ్మదిగా కరుగుతుంది, మోటారు తోస్తూనే ఉంటుంది కాబట్టి దూరం పూడిపోతుంది. ఇదంతా మీకు తెలియకుండానే, కంటికి అందనంత వేగంగా జరిగిపోతుంది. అంటే ఆర్క్ పొడవును మిషనే చూసుకుంటోంది. ఇది కాన్‌స్టాంట్ వోల్టేజ్.

కాబట్టి మీరు కొన్నది ఒక మిషన్ కాదండి. ఒకే డబ్బాలో, ఒకదానికొకటి పూర్తిగా ఎదురుగా నడిచే రెండు మిషన్లు. మోడ్ బటన్ నొక్కినప్పుడు లోపల ఒక మిషన్ పడుకుని ఇంకోటి లేస్తుంది. అదే నాబ్‌కి పని మారిపోతుంది. దీని మీద ఎడమ పక్క నాబ్ చూడండి. రాడ్డు మోడ్‌లో అది ఆంప్స్. సీవోటూ మోడ్‌లో అదే వైరు స్పీడు. కుడి పక్కది సీవోటూలో వోల్టేజి, రాడ్డులోకి వస్తే ఆర్క్ ఫోర్స్. నాబ్ కింద రెండు బొమ్మలు చిన్నచిన్నగా గీసుంటాయి. ఎవరూ చూడరు.

(సభలోంచి ఒక కుర్రాడు: "అన్నా, మరి సీవోటూలో కరెంటు నాబ్ ఏది?")

లేదు తమ్ముడూ. వైరు స్పీడే కరెంటు. వైరు ఎక్కువ వస్తే దాన్ని కరిగించడానికి కరెంటు ఎక్కువ కావాలి, మిషన్ ఇస్తుంది. తక్కువ వస్తే తక్కువే లాగుతుంది. ఓ లెక్క గుర్తుంచుకో. నిమిషానికి 5 మీటర్ల స్పీడు పెడితే, 0.8 వైరు దాదాపు 100 ఆంప్స్ లాగుతుంది. అదే 5 మీటర్ల దగ్గర 1.2 వైరు 200 లాగుతుంది. 1.2 వైరు చూడ్డానికి కాస్తే లావు, కోసి చూస్తే రెండింతల పైనే ఇనుముంటుంది. అందుకే ఈ 200 ఆంప్స్ మిషన్‌కి 1.2 చుట్ట ఎక్కించి నాబ్ చివరిదాకా తిప్పితే అది రొప్పుతుంది. ఎక్కించకూడదని కాదు, తక్కువ స్పీడులో నడుస్తుంది. కానీ దీనికి సరైన జోడీ 0.8.

ఇక్కడ మీ చేతిలో కూడా ఒక కరెంటు నాబ్ ఉంది, అది మిషన్ మీద కనిపించదు. వైరు బయటికొచ్చే టార్చ్ టిప్పు నుంచి ప్లేటుకి ఉండే దూరం. 10 నుంచి 15 ఎంఎం మధ్య పెట్టుకోండి. ఆ దూరం పెంచితే, బయటికి పొడుచుకొచ్చిన వైరు పొడుగవుతుంది, దాని నిరోధం పెరుగుతుంది, కరెంటు పడిపోతుంది. మూలలో చెయ్యి సరిగా వెళ్లలేదని టార్చ్‌ని దూరంగా పట్టుకుని కొడతారు చూడండి, బీడ్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల అతుక్కోదు. లారీ బాడీ కింద క్రాస్ మెంబర్ దగ్గర ఊడిపోయి వచ్చే అతుకుల్లో ఇది బాగా కనిపిస్తుంది. మిషన్ తప్పేం లేదక్కడ.

వోల్టేజికి వద్దాం. వోల్టేజి ఎంత పెట్టాలని అందరూ అడుగుతారు. మిషన్లను పరీక్షించేటప్పుడు అంతర్జాతీయంగా వాడే ఓ సూత్రం ఉంది. సీవోటూకి 14 వేసుకుని, ఆంప్స్‌ని 0.05తో హెచ్చించి కలుపుకోండి. 100 ఆంప్స్‌కి 14 ప్లస్ 5, అంటే 19 వోల్టులు. 200కి 24. ఇది మొదలుపెట్టడానికే. ఒట్టి సీవోటూ గ్యాస్ అయితే దాదాపు ఆ చుట్టుపక్కలే కుదురుతుంది. ఆర్గాన్ 80, సీవోటూ 20 మిక్స్ వాడుతుంటే ఒకటిన్నర, రెండు వోల్టులు తగ్గించుకోవచ్చు. సిలిండర్ మారినప్పుడల్లా "నిన్నటి సెట్టింగే కదా" అనుకుంటే కుదరనిది ఇందుకే.

ఆ తర్వాత పని చెవిది. వోల్టేజి తక్కువైతే వైరు కరగకముందే ప్లేటుని గుద్దుతుంది, టార్చ్ చేతిని వెనక్కి తోస్తుంది, టపటపమని తెగితెగి కొడుతుంది, బీడ్ తాడులా ఉబ్బి పైనే నిలబడుతుంది. ఎక్కువైతే ఆర్క్ పొడుగై, బీడ్ పరుచుకుపోయి, అంచుల్లో అండర్‌కట్, అంటే గాడి, పడుతుంది, పెద్దపెద్ద బొట్లు ఎగిరి షర్టు మీద పడతాయి. మరీ ఎక్కువైతే వైరు వెనక్కి కాలి టిప్పుకి అంటుకుపోతుంది. సరిగ్గా కుదిరినప్పుడు చప్పుడు తెగకుండా జరజరమని ఒకే శ్రుతిలో వస్తుంది. వైరు స్పీడుని కదపకుండా ఉంచి, వోల్టేజిని అర వోల్టు అర వోల్టు చొప్పున మార్చుతూ పాత ముక్క మీద కొట్టి చూడండి. రెండు నాబ్‌లనీ ఒకేసారి తిప్పొద్దు. తిప్పితే ఏది మారినందుకు ఏమయిందో తెలిసేదెలా?

ఇండక్టెన్స్ అనే నాబ్ ఉంది. కొన్నింట్లో విడిగా ఉంటుంది, కొన్నింట్లో మెనూలో లోపల దాక్కుంటుంది. దీన్ని చాలామంది తాకరు, తాకినా ఏమీ తేడా కనపడలేదంటారు. పల్చటి పని చేసేటప్పుడు వైరు ప్లేటుని తాకుతుంది, షార్ట్ అవుతుంది, కరిగి తెగుతుంది, ఆర్క్ వెలుగుతుంది, మళ్లీ తాకుతుంది. సెకనుకి 20 నుంచి 200 సార్ల దాకా ఇది జరుగుతుంది. ఆ తాకిన ప్రతిసారీ కరెంటు పైకి లేస్తుంది కదా, ఎంత దూకుడుగా లేవాలన్నది ఈ నాబ్ తేలుస్తుంది. తగ్గిస్తే గభాలున లేస్తుంది, వైరు పేలినట్టు తెగుతుంది, ఆర్క్ గట్టిగా, సన్నగా ఉంటుంది, చుక్కలు ఎక్కువ. పెంచితే నెమ్మదిగా లేస్తుంది, చుక్కలు తగ్గుతాయి, కరిగిన లోహం పల్చబడుతుంది. దోసె పిండి జారుగా ఉంటే పెనం మీద అంచులదాకా పోతుంది, గట్టిగా ఉంటే వేసినచోటే కూర్చుంటుంది కదా, అలాగే. 18 గేజ్ షీటు డోర్ మీదో, సందు ఎక్కువున్న జాయింటులోనో అయితే తగ్గించుకోండి, లోహం చల్లారి నిలబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, కాస్త మందం ప్లేటు మూల అతుకు (ఫిల్లెట్) అయితే పెంచుకోండి, అంచులు తడిసినట్టు అతుకుతాయి. నడిమధ్యన పెట్టి మొదలుపెట్టడంలో తప్పు లేదు. కానీ చుక్కలు పడుతున్నాయని గ్రైండింగ్‌కి ఇంకో మనిషిని పెట్టుకునే ముందు ఓసారి ఇది తిప్పి చూడండి.

కొంతమంది దీని మీద స్ప్రే చేస్తామంటారు, అంటే చుక్కలు లేకుండా సన్నటి తుంపరలా లోహం దిగడం. 1.2 వైరుతో, 80-20 మిక్స్‌తో సుమారు 250 ఆంప్స్, 26, 28 వోల్టుల దగ్గరికి పోవాలి. ఈ డబ్బాకి అంత లేదు. ఇక ఒట్టి సీవోటూ గ్యాస్‌లో ఎన్ని ఆంప్స్ పెట్టినా అసలు స్ప్రే రాదు. యూట్యూబులో చూసి ప్రయత్నించి వైరు పాడుచేసుకోకండి.

సినర్జిక్ అని ఒక బటన్ ఉంది. దాని పని ఏమిటంటే, మీరు వైరు సైజు, లోహం, గ్యాస్ చెప్తే, ఆ తర్వాత ఒక్క నాబ్ తిప్పితే చాలు, వైరు స్పీడుకి తగ్గ వోల్టేజి అదే వేసుకుంటుంది. మంచిదే. నేను కూడా వాడతాను. కానీ దానికి కళ్లు లేవు. మీ సిలిండర్‌లో ఉన్నది మిక్సా, ఒట్టి సీవోటూనా దానికి తెలీదు. 80-20 ప్రోగ్రాం పెట్టి వెనక సీవోటూ సిలిండర్ తగిలిస్తే, వోల్టేజి చాలక వైరు పొడుస్తూనే ఉంటుంది. మీరు మిషన్‌ని తిడుతూ ఉంటారు. ట్రిమ్ అని ప్లస్ మైనస్ ఉంటుంది, అలాంటప్పుడు దాన్ని ప్లస్ వైపు జరపాలి.

(సభలోంచి ఒక పెద్దాయన: "గ్యాస్ లేకుండా నడిచే వైరని ఇచ్చాడు షాపువాడు. అది పెడితే అంతా చిందరవందర. పనికిరాదా అది?")

పనికొస్తుంది బాబాయ్, ప్లస్ మైనస్ మార్చలేదు మీరు. మూత తీసి చూపిస్తా, అందరూ ముందుకి రండి. చూశారా, ఇక్కడ ముందు పక్క చిన్న కేబుల్ ముక్క వేలాడుతోంది, దాని చివర ప్లగ్గు. ఇది ప్లస్ సాకెట్‌లో ఉంటే టార్చ్ ప్లస్. మామూలు గట్టి వైరుకి టార్చ్ ప్లస్‌లో, ప్లేటుకి తగిలించే ఎర్త్ కేబుల్ మైనస్‌లో ఉండాలి. గ్యాస్ లేకుండా నడిచే ఫ్లక్స్ వైర్లకి చాలావాటికి టార్చ్ మైనస్‌లో ఉండాలి. చుట్ట డబ్బా మీద రాసుంటుంది, చదవండి. ఈ ముక్కని అటునుంచి ఇటు పెట్టి, ఎర్త్‌ని ఇటునుంచి అటు పెడితే సరిపోతుంది. ఇంకోటి, ఆ వైరు లోపల పొడి ఉన్న గొట్టం. మామూలు వీ గాడి రోలర్ కింద గట్టిగా నొక్కితే చితికిపోతుంది. దానికి గరుకు పళ్ల రోలర్ వేరే ఉంటుంది. అల్యూమినియం వైరుకైతే యూ గాడి.

రోలర్ బిగింపు విషయం. వైరు జారుతోందని ఎక్కువమంది స్క్రూ బిగించుకుంటూ పోతారు. ముందు టిప్పు, టార్చ్ కేబుల్లో వైరు నడిచే లైనర్ గొట్టం చూడండి. లైనర్‌లో రాగి పొడి పేరుకుని ఉంటుంది, ఊదితే పోతుంది. బిగింపు సరిపోయిందో లేదో తెలియాలంటే టార్చ్‌ని చెక్క ముక్క మీదికి పెట్టి వైరు తోలండి. వైరు వంగి చుట్ట తిరగాలి. టిప్పుని చెక్కకి ఆనించి పెట్టేస్తే రోలర్ జారాలి. అప్పుడు కూడా జారకపోతే అతిగా బిగించినట్టు, రేపు టిప్పులో వైరు ఇరుక్కుంటే లోపల రోలర్ దగ్గర పిచ్చుకగూడు కడుతుంది.

బర్న్ బ్యాక్ అని ఉంటుంది. స్విచ్ వదిలాక కూడా కరెంటు ఎంతసేపు వస్తూ ఉండాలన్నది. తక్కువైతే వైరు బీడ్‌లో గుచ్చుకుని ఉండిపోతుంది. ఎక్కువైతే టిప్పుకి అంటుకుంటుంది. అంతే, దీని మీద ఎక్కువ మాట్లాడేదేం లేదు.

గ్యాస్ గురించి ఒక మాట. నిమిషానికి ఎన్ని లీటర్లంటే వైరు సైజుకి పదింతలు, పన్నెండింతలు. 0.8కి 8 నుంచి 10, 1.2కి 12 నుంచి 15. బీడ్‌లో గుల్లలు పడుతున్నాయని 25 దాకా తిప్పేవాళ్లున్నారు. అంత తిప్పితే గ్యాస్ సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది, గుల్లలు ఇంకా పెరుగుతాయి. ఇప్పుడు ఫ్యాన్ల సంగతి. మన ఊళ్లో మే నెలలో ఫ్యాన్ లేకుండా రేకుల షెడ్డులో పనిచెయ్యమని ఎవరికీ చెప్పలేను. కానీ స్టాండు ఫ్యాన్ మీ ముఖం మీద కాకుండా వీపు కింద పక్కగా తగిలేట్టు పెట్టుకోండి. టార్చ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, గాలి తెలిసిందంటే గ్యాస్ పోతున్నట్టే. సీవోటూ సిలిండర్ రెగ్యులేటర్ మీద మంచు కడుతుంటే, మిషన్ వెనక హీటర్ సాకెట్ ఉంటుంది, ప్లగ్గు అక్కడ పెట్టాలి. అది చాలా మిషన్లలో 36 వోల్టుల సాకెట్. రెగ్యులేటర్ హీటర్ ఎన్ని వోల్టులదో చూసుకుని పెట్టండి. 36 వోల్టుల హీటర్‌ని గోడ ప్లగ్గులో పెట్టి కాల్చేసుకున్నవాళ్లున్నారు.

ఇక రాడ్డు వెల్డింగ్. మీకు ఇందులో నేను చెప్పేదేముంది, మీరే నాకు చెప్పాలి. 12 గేజ్ రాడ్డుకి 60 నుంచి 95, 10 గేజ్‌కి 90 నుంచి 130, 8 గేజ్‌కి 140 నుంచి 180 దాకా అని మీ చేతికే తెలుసు. కొత్తగా వచ్చినవి రెండు నాబ్‌లు. హాట్ స్టార్ట్ అంటే రాడ్డు గీసిన మొదటి క్షణంలో పెట్టినదానికంటే ఎక్కువ కరెంటు వస్తుంది, రాడ్డు అంటుకోకుండా. మందం ప్లేటుకి పెంచుకోండి, షీటుకి తగ్గించుకోండి, లేకపోతే మొదలుపెట్టినచోటే బొక్క పడుతుంది. ఆర్క్ ఫోర్స్ ఇంకా ఆసక్తికరమైనది. ఇందాక చెప్పాను కదా, రాడ్డు మోడ్‌లో మిషన్ కరెంటును కదలనివ్వదని. ఈ నాబ్ ఆ నియమానికి ఒక మినహాయింపు. మీరు రాడ్డుని బాగా లోపలికి నొక్కితే ఆర్క్ పొట్టిదై వోల్టేజి పడిపోతుంది, ఇక అంటుకుపోతుందనగా మిషన్ అదనపు కరెంటు తోసి విడిపిస్తుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ల మీద పెరిగిన చేతులకి ఈ నాబ్ మధ్యలో పెడితే హాయిగా ఉంటుంది. 6013 రాడ్డుకి తక్కువ చాలు. 7018 రాడ్డుకి ఆర్క్ పొట్టిగా పట్టాలి కాబట్టి కాస్త పెంచాలి. 7018ని డీసీలో హోల్డర్ ప్లస్‌లో పెట్టి కొట్టండి.

వీఆర్‌డీ అని చిన్న లైటు ఉంటే దాన్ని ఆపకండి. రాడ్డు గీయకముందు హోల్డర్ మీద మామూలుగా 60, 70 వోల్టులుంటాయి. ప్రమాణాల ప్రకారం డీసీలో 113 దాకా కూడా ఉండొచ్చు. వీఆర్‌డీ పనిచేస్తుంటే ఆర్క్ లేనప్పుడు అది బాగా తగ్గిపోతుంది. చెమటతో తడిసిన చొక్కాతో ట్యాంకరు లోపల కూర్చుని రాడ్డు మార్చేవాడికి ఈ తేడా ప్రాణం విలువ చేస్తుంది. ఆర్క్ అందుకోవడం కాస్త కష్టమైందని దాన్ని ఆఫ్ చేయించుకోవడానికి నా దగ్గరికొస్తారు. నేను చెయ్యను. కోపం వచ్చినా సరే.

(సభలోంచి: "ఆర్గాన్ పెట్టి అల్యూమినియం కొట్టొచ్చా దీంతో?")

టిగ్‌లో కొట్టలేవు. ఇది డీసీ మాత్రమే. అల్యూమినియం మీద ఒక పొర ఉంటుంది, ఆక్సైడు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగితే ఆ పొర 2,000 డిగ్రీలు దాటితేగానీ కరగదు. ఏసీలో కరెంటు దిక్కు మారినప్పుడల్లా ఆ పొర చెదిరిపోతుంది. డీసీలో, టార్చ్ మైనస్‌లో పెట్టి ఆర్గాన్‌తో కొడితే అది చెదరదు. ఏసీ-డీసీ అని రాసిన మిషన్ వేరే ఉంటుంది, ధర కూడా వేరే. దీంతో అల్యూమినియం చెయ్యాలంటే సీవోటూ మోడ్‌లోనే, ప్యూర్ ఆర్గాన్ సిలిండర్, టెఫ్లాన్ లైనర్, యూ గాడి రోలర్ పెట్టుకుని చెయ్యొచ్చు.

దీంతో టిగ్ అంటే స్టెయిన్‌లెస్, ఇనుము, రాగి. హోటల్ వంటసామాను, స్టెయిన్‌లెస్ రైలింగులు చేసేవాళ్లకి చాలు. టార్చ్ మైనస్‌లో ఉండాలి, మర్చిపోతే టంగ్‌స్టన్ చివర ఉండలా కరిగిపోతుంది. ఎంఎం మందానికి 30 నుంచి 40 ఆంప్స్ అని మొదలుపెట్టండి. దీనికి హెచ్ఎఫ్, అంటే తాకకుండానే ఆర్క్ వెలిగించేది, లేదు, లిఫ్ట్ మాత్రమే. అంటే ఆనించి మెల్లగా లేపాలి, రాడ్డులా గీయకూడదు.

టిగ్‌లో నిజంగా డబ్బు మిగిల్చే నాబ్ పోస్ట్ ఫ్లో. ఆర్క్ ఆగాక గ్యాస్ ఎంతసేపు రావాలి అన్నది. గ్యాస్ దండగని దీన్ని సున్నాకి తిప్పేస్తారు. టంగ్‌స్టన్ అప్పటికి ఇంకా ఎర్రగా కాలుతుంటుంది, గాలి తగలగానే నల్లబడుతుంది, మళ్లీ గ్రైండ్ చెయ్యాలి. ప్రతి 10 ఆంప్స్‌కి 1 సెకను లెక్కేసుకోండి. 80 ఆంప్స్‌తో కొడితే 8 సెకన్లు. ఆ 8 సెకన్లూ టార్చ్ అక్కడే పట్టుకుని ఉండాలి, గ్యాస్ వదిలి చెయ్యి తీసేస్తే లాభం లేదు. టంగ్‌స్టన్ చివర వెండిలా మెరుస్తుంటే సరిపోయినట్టు. నీలంగానో నల్లగానో ఉంటే ఇంకో రెండు సెకన్లు పెంచండి. టంగ్‌స్టన్‌లో ఎర్ర రంగు చివర ఉన్నదాంట్లో థోరియం ఉంటుంది, కాస్త రేడియోధార్మికత ఉంది దానికి. గ్రైండ్ చేసేటప్పుడు ఆ పొడి పీల్చొద్దు. బూడిద రంగుదో బంగారు రంగుదో కొనుక్కుంటే ఆ బాధ లేదు.

2టీ, 4టీ సంగతి త్వరగా చెప్పేస్తా. 2టీలో నొక్కి పట్టుకుంటే నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. 4టీలో ఒకసారి నొక్కి వదిలేస్తే నడుస్తూనే ఉంటుంది, మళ్లీ నొక్కి వదిలితే ఆగుతుంది. పొడుగు బీడ్‌కి వేలు నొప్పి రాదు. టిగ్‌లో 4టీ పెట్టి రెండోసారి నొక్కితే కరెంటు మెల్లగా దిగుతుంది, దాన్ని డౌన్ స్లోప్ అంటారు. బీడ్ చివర పడే గుంట నిండకుండా ఆర్క్ తెంపేస్తే అక్కడ నక్షత్రంలా పగులుతుంది. టాకాలు వేసేటప్పుడు మాత్రం 2టీకి మార్చుకోండి, 4టీలో మర్చిపోయి టార్చ్ కింద పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

(నవ్వులు)

ఇప్పుడు మిషన్ని వెనక్కి తిప్పుతున్నా. ఈ ప్లేటు చూడండి. మిషన్ మీద అబద్ధం చెప్పడం కష్టమైన చోటు ఇది ఒక్కటే, అయినా ఎవరూ చదవరు. ఎక్స్ అని రాసి దాని పక్కన 35 శాతం, 60 శాతం, 100 శాతం. కింద 200, 153, 118. పది నిమిషాల్లో 200 ఆంప్స్ మీద మూడున్నర నిమిషాలు కొట్టొచ్చు, మిగతా ఆరున్నర నిమిషాలు చల్లారాలి. 118 మీద అయితే రోజంతా కొట్టుకోవచ్చు. అంటే ఇది నిజంగా రోజువారీ పనికి 120 ఆంప్స్ మిషన్. 200 అప్పుడప్పుడూ వాడుకోడానికి. ఇంకా ఉంది. ఈ లెక్కలు 40 డిగ్రీల గాలిలో పరీక్షించి వేసినవి. మన దగ్గర ఎండాకాలం రేకుల కింద 40 అంటే పొద్దున్నే దాటిపోతుంది. కాబట్టి ఇంకాస్త తగ్గించుకోండి. కొన్ని చౌక మిషన్ల మీద 40కి బదులు 20, 25 డిగ్రీలని చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనేముందు చూడండి. పసుపు లైటు వెలిగి మిషన్ ఆగిపోతే మెయిన్ స్విచ్ ఆపకండి. ఫ్యాన్ తిరగనివ్వండి, అదే చల్లార్చుకుంటుంది. గ్రైండింగ్ చేసే చోటుకి ఎదురుగా మాత్రం మిషన్ని పెట్టకండి. ఆ ఇనప రజనుని ఫ్యాన్ లోపలికి పీలుస్తుంది, బోర్డు మీద షార్ట్ అవుతుంది. నిజమైన రిపేర్లతో వచ్చేవాటిలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే.

(సభలోంచి: "నా దగ్గర చిన్నది ఉందన్నా, పైన 400 అని పెద్దగా రాసుంది. మామూలు ప్లగ్గులో నడుస్తుంది.")

ఆ 400 అన్నది మోడల్ పేరు తమ్ముడూ, ఆంప్స్ కాదు. లెక్క చూద్దాం. రాడ్డుకి సూత్రం 20 ప్లస్ ఆంప్స్ ఇంటూ 0.04. 400 ఆంప్స్‌కి 36 వోల్టులు. 400 ఇంటూ 36, 14,400 వాట్లు. నీ 16 ఆంప్స్ ప్లగ్గు ఇచ్చేది మహా అయితే 230 ఇంటూ 16, 3,680. ఎక్కణ్ణుంచి వస్తాయి మిగతావి? ఈ బల్ల మీద ఉన్న మిషన్నే 200 దగ్గర నడపాలంటే 200 ఇంటూ 28, 5,600 వాట్లు బయటికి రావాలి. నష్టాలూ, పవర్ ఫ్యాక్టరూ కలుపుకుంటే లైనులోంచి 40 ఆంప్స్ పైనే లాగుతుంది. 16 ప్లగ్గు మీద నమ్మకంగా 90 దాకా రాడ్డు కొట్టుకో, 12 గేజ్ రాడ్డుకి అది చాలు. అంతకుమించి కావాలంటే విడిగా ఎంసీబీ, మందం కేబుల్ వేయించుకో. 2.5 ఎంఎం కేబుల్‌తో 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ లాగి 30 ఆంప్స్ తీస్తే, దారిలోనే 13 వోల్టులు పోతాయి. చుట్ట విప్పకుండా వాడితే కేబుల్ కాలిపోతుంది కూడా.

(సభలోంచి: "కొత్త లారీల మీద వెల్డింగ్ చేస్తే ఈసీయూ, అదే ఇంజన్ని నడిపే కంప్యూటర్, పోయిందంటున్నారు. అది మిషన్ వల్లనా?")

మిషన్ వల్ల కాదు, ఎర్త్ వల్ల. బ్యాటరీ కేబుల్ రెండు వైపులా విప్పాలి, ముందు మైనస్. బండి కంపెనీ మాన్యువల్లో ఈసీయూ ప్లగ్గు కూడా తీయమని ఉంటే తీయాలి. ఎర్త్ క్లాంపుని వెల్డు కొట్టేచోటుకి అడుగు దూరంలో, పెయింటు గీకి పెట్టాలి. వెనక డాలా మీద వెల్డు కొడుతూ ఎర్త్ తీసుకెళ్లి ముందు బంపరుకి పెడితే, ఆ 120 ఆంప్స్ ఛాసిస్ అంతా తిరిగి ఏ బేరింగులోంచో, ఏ సెన్సారు తీగలోంచో దారి వెతుక్కుంటుంది. పాడైన ఎర్త్ క్లాంపు ఇంకో పని కూడా చేస్తుంది. మీటరు మీద 19 వోల్టులు చూపిస్తుంది, ఆర్క్ దగ్గరికి వచ్చేసరికి 17 ఉంటాయి. మీరు నాబ్ పెంచుతూ పోతారు. క్లాంపు పట్టుకుని చూడండి, చెయ్యి కాలిందంటే పోయిన వోల్టులు అక్కడే ఉన్నాయి.

(సభలోంచి: "అయితే మూడు కలిపినది కొనాలా, విడివిడిగా కొనాలా?")

రోజంతా సీవోటూనే నడిచే షాపైతే 415 వోల్టుల త్రీ ఫేజ్ సీవోటూ మిషన్ విడిగా కొనుక్కోండి, ఇది దాని పని చెయ్యలేదు. ఒకపూట గేటు, ఒకపూట లారీ డోర్, వారానికోసారి హోటలువాడి స్టెయిన్‌లెస్ బల్ల, సైటు మీదకి మోసుకెళ్లడం, ఇలాంటి షాపుకి మూడు కలిపినదే లాభం. కొనేటప్పుడు షాపులో ముందువైపు చూడకండి, వెనక ప్లేటు ఫొటో తీసుకోండి. 100 శాతం దగ్గర ఎన్ని ఆంప్స్ ఉన్నాయో అదే మీ మిషన్. ప్లస్ మైనస్ మార్చే కేబుల్ ముక్క ఉందో లేదో, 0.8కి రోలర్ ఇస్తున్నాడో లేదో అడగండి. బోర్డు పోతే మన ఊళ్లో దొరుకుతుందా అని కూడా అడగండి, ఆ ఒక్క ప్రశ్నకి కొందరు షాపువాళ్ల మొహం మారిపోతుంది.

సరే, 3 ఎంఎం ముక్కలు తెచ్చుకున్నారుగా. స్టాండు ఫ్యాన్లు అటు తిప్పండి. ముందు 0.8 వైరుతో 5 మీటర్లు, 19 వోల్టులు పెడుతున్నా, సిలిండర్ సీవోటూ. హెల్మెట్లు లేనివాళ్లు వెనక్కి జరగండి.